ఒకే ఓటు, రెండు అప్పులు

2018 నవంబరు 6న కాలిఫోర్నియా ఓటర్ల ముందుకు వచ్చిన మొదటి ప్రతిపాదన పేరు ‘మాజీ సైనికులు, అందుబాటు గృహాల బాండ్ల చట్టం’. 400 కోట్ల డాలర్ల అప్పు చేయడానికి రాష్ట్రానికి అనుమతి ఇస్తారా అన్నది ప్రశ్న. 56 శాతం మంది ఇస్తామన్నారు. అందులో 300 కోట్లు తక్కువ ఆదాయ కుటుంబాల ఇళ్లకు, మిగిలిన 100 కోట్లు సొంతిల్లు కొనుక్కునే మాజీ సైనికులకు రుణాలుగా వెళ్లాలి. అడిగిన ప్రశ్న ఒకటే గానీ, అందులో ఉన్న అప్పులు రెండు. సైనికుల అప్పును తీసుకున్నవాళ్లే తీరుస్తారు. రెండోదాన్ని రాష్ట్ర ఖజానా 35 ఏళ్లపాటు తీరుస్తుంది. శాన్ హోసే ప్రాంత సెనేటర్ జిమ్ బేల్ తెచ్చిన బిల్లులో మొదట ఉన్నది ఆ 300 కోట్లే. 2017లో గవర్నర్ జెర్రీ బ్రౌన్‌తో ఒప్పందం కుదిరే దశలో సైనికుల వాటా వచ్చి చేరింది, పేరులో ముందు వరుసలో నిలిచింది. ఇళ్ల కోసం ప్రజల పూచీకత్తుపై అప్పు చేయడం సరైన పనేనన్నది ఈ వ్యాసం వాదన. కానీ ఆ అప్పును సైనికుడి పేరు చాటున అడగడం వల్ల ఓటరుకు తెలియాల్సిన లెక్క తెలియకుండా పోతోంది. సైనికుల విషయంలో నిజంగా ఫలించిన పద్ధతి ఒకటి ఉంది. పేదల ఇళ్లకు కావలసింది ఆ పద్ధతి. వాళ్లకు దక్కుతున్నది సైనికుల పేరు మాత్రమే.

కాలిఫోర్నియా రాజ్యాంగం ప్రకారం ప్రభుత్వం 3 లక్షల డాలర్లకు మించి అప్పు చేయాలంటే శాసనసభలో మూడింట రెండొంతుల మద్దతు, ఆపైన ఓటర్లలో మెజారిటీ కావాలి. 19వ శతాబ్దం నుంచి వస్తున్న ఈ హద్దును అప్పుడున్న డాలరు విలువతో గీశారు, తర్వాత మార్చలేదు. అందుకే బడులకైనా, నీటి ప్రాజెక్టులకైనా, ఇళ్లకైనా పెద్ద అప్పు కావాలంటే బ్యాలెట్ దారి తప్పదు. ఓటరు ఒప్పుకున్నాక ఆ బాండ్లకు రాష్ట్రం మొత్తం ఆదాయమే హామీ. బడుల ఖర్చు తర్వాత ఖజానాపై మొదటి హక్కు బాండ్లు కొన్నవాళ్లదే. ఇంత గట్టి హామీ ఉంది కాబట్టే తక్కువ వడ్డీకి డబ్బు పుడుతుంది. ఇంత గట్టి హామీ ఇస్తున్నప్పుడు దేనికి ఇస్తున్నామో ఓటరుకు విడమరచి చెప్పడం కనీస మర్యాద.

సైనికుల రుణ పథకం కథ 1921లో మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగి వచ్చినవాళ్లకు పొలమో ఇల్లో దక్కాలని ఆనాటి శాసనసభ చట్టం చేసింది. దాని పద్ధతి బ్యాంకు గృహరుణం లాంటిది కాదు. మాజీ సైనికుడు ఇల్లు ఎంచుకుంటాడు, రాష్ట్ర మాజీ సైనికుల శాఖ దాన్ని తానే కొని, వాయిదాల ఒప్పందంపై అతనికి అమ్ముతుంది. చివరి వాయిదా తీరేదాకా పట్టా శాఖ పేరునే ఉంటుంది. కొనడానికి డబ్బు బాండ్ల ద్వారా వస్తుంది, ఆ బాండ్ల అసలూ వడ్డీ సైనికుల వాయిదాల నుంచి తీరుతాయి. మాజీ సైనికుల గృహరుణాల కోసం ఇలా పన్ను మినహాయింపు ఉన్న బాండ్లు జారీ చేసే వీలు ఫెడరల్ చట్టం కింద అయిదు రాష్ట్రాలకే ఉంది: కాలిఫోర్నియా, టెక్సాస్, ఒరెగాన్, విస్కాన్సిన్, అలాస్కా. ఈ నూరేళ్లలో కాలిఫోర్నియాలో 4 లక్షలకు పైగా మాజీ సైనికులు దీని ద్వారా ఇళ్లు, పొలాలు పొందారు. పథకం మొదలైనప్పటి నుంచీ భారం పూర్తిగా వాయిదాలు కట్టేవాళ్లే మోశారని, పన్ను చెల్లించేవాళ్ల జేబు నుంచి నేరుగా ఏమీ పోలేదని 2008 బ్యాలెట్ సమయంలో శాసనసభ ఆర్థిక విశ్లేషకుల కార్యాలయం రాసింది. ఒక ప్రభుత్వ పథకానికి ఇంతకన్నా మంచి కితాబు దొరకడం కష్టం.

కానీ ఆ కితాబులోనే దాని పరిమితి కూడా ఉంది. తనను తాను పోషించుకునే రుణం, వాయిదా కట్టగలిగినవాళ్లకే అందుతుంది. నెలజీతం, సరైన క్రెడిట్ చరిత్ర, ఇల్లు కొనగల ధైర్యం ఉన్న మాజీ సైనికుడికి అది వరం. ఒంటికీ మనసుకూ తగిలిన గాయాలతో ఉద్యోగం నిలవక, లాస్ ఏంజెలెస్ వీధుల్లో డేరా వేసుకున్నవాడికి దానితో పని లేదు. 2008 నవంబరులో ఓటర్లు సైనికుల గృహరుణాలకు 90 కోట్ల డాలర్ల బాండ్లను భారీ మెజారిటీతో ఆమోదించారు. అప్పటికే ఇళ్ల మార్కెట్ కూలుతోంది, రుణాలకు గిరాకీ పడిపోయింది. ఆ అనుమతిలో ఎక్కువ భాగం వాడకుండా మిగిలింది. 2014 జూన్‌లో రాష్ట్రం మళ్లీ ఓటరు దగ్గరికే వచ్చి, అందులో 60 కోట్లను నిరాశ్రయ మాజీ సైనికుల అద్దె ఇళ్లకు మళ్లించడానికి అనుమతి అడిగింది. 65 శాతం మంది సరేనన్నారు. నాలుగేళ్ల తర్వాత, 2018 జనవరి లెక్కింపులో దేశం మొత్తం మీద ఇల్లు లేని మాజీ సైనికులు దాదాపు 37,900 మంది ఉంటే, వారిలో 10,800 మందికి పైగా కాలిఫోర్నియాలోనే ఉన్నారు. సైనికుల్లో అత్యంత కష్టంలో ఉన్నవాళ్లకు కావలసింది సొంతింటి రుణం కాదని, ఖజానా భరించే అద్దె ఇల్లని రాష్ట్రమే 2014లో ఒప్పుకున్నట్లయింది. అంటే వాళ్ల అవసరం తక్కువ ఆదాయ కుటుంబాల అవసరం లాంటిదే. కాబట్టి 2018 ప్రతిపాదనలో మాజీ సైనికుడికి ఎక్కువ మేలు చేసేది అతని పేరున్న 100 కోట్లా, లేక అతని పేరు లేని 300 కోట్లా అని అడగవలసి ఉంది. విశ్లేషకుల అంచనా ప్రకారం ఆ 100 కోట్లు సుమారు 3,000 మంది మాజీ సైనికులకు గృహరుణాలుగా వెళ్తాయి.

ఇక 300 కోట్ల సంగతి. అందులో సగం, 150 కోట్లు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు అపార్ట్‌మెంట్లు కట్టే బహుళ కుటుంబ గృహ పథకానికి. 30 కోట్లు వ్యవసాయ కూలీల ఇళ్లకు. మిగతాది స్థానిక గృహ నిధులకు, మొదటిసారి ఇల్లు కొనేవాళ్ల సాయానికి, ఊరి మధ్య ఖాళీ స్థలాల్లో నీటి గొట్టాలూ రోడ్లూ వేయడానికి, రైలు, బస్సు స్టేషన్ల పక్కన ఇళ్లకు. దీనివల్ల 30,000 దాకా అద్దె కుటుంబాలకు, 7,500 వ్యవసాయ కూలీ కుటుంబాలకు, ఇల్లు కొనుక్కునే మరో 15,000 మందికి సాయం అందుతుందని అంచనా. అసలు, వడ్డీ కలిపి రాష్ట్రం తీర్చాల్సింది 590 కోట్లు. అంటే 35 ఏళ్లపాటు ఏటా దాదాపు 17 కోట్ల డాలర్లు. అది రాష్ట్ర సాధారణ నిధిలో ఒక శాతంలో పదో వంతు మాత్రమే. అపార్ట్‌మెంట్లకు వెళ్లే డబ్బు పూర్తిగా దానం కూడా కాదు. కట్టేవాళ్లకు రాష్ట్రం దాన్ని 55 ఏళ్ల గడువుతో, 3 శాతం సాధారణ వడ్డీకి అప్పుగా ఇస్తుంది. ఏటా కట్టాల్సింది అసలులో 0.42 శాతమే, మిగతా వడ్డీని గడువు చివరిదాకా వాయిదా వేస్తారు. బదులుగా ఆ 55 ఏళ్లూ అద్దెలు హద్దు దాటకూడదు. రాష్ట్రం తన అప్పును 35 ఏళ్లలో తీర్చేస్తుంది, ఇల్లు ఆ తర్వాత మరో రెండు దశాబ్దాలు అదే ఒప్పందం కింద పేదలకు పనికొస్తుంది. అప్పు కన్నా ఆస్తి ఎక్కువ కాలం బతికేచోట అప్పు చేయడం తప్పు కాదన్నది ప్రభుత్వ ఆర్థికశాస్త్రంలో పాత సూత్రం. ఈ పథకం ఆ సూత్రానికి సరిగ్గా సరిపోతుంది.

వడ్డీయే 290 కోట్లు పోతున్నప్పుడు అప్పు ఎందుకు, ఏటా బడ్జెట్ నుంచే కొంత కొంత కట్టొచ్చు కదా అన్నది మొదటి అభ్యంతరం. బరువైన అభ్యంతరమే ఇది. మిగులు ఉన్న ఏడాది నగదే మంచిదని ఒప్పుకోవాలి, 2021, 2022లలో కాలిఫోర్నియా మిగులు పొంగినప్పుడు గృహ కార్యక్రమాలకు నేరుగా డబ్బు ఇచ్చింది కూడా. కానీ 2024లో లోటు కనబడగానే కోతలు పడిన పద్దుల్లో ఆ కార్యక్రమాలు కూడా ఉన్నాయి. ఆ రాష్ట్ర ఆదాయం సంపన్నుల షేర్ల లాభాలపై వేసే పన్నుల మీద ఎక్కువగా ఆధారపడుతుంది. మార్కెట్ ఎగిరితే ఖజానా నిండుతుంది, పడితే ఖాళీ అవుతుంది. అపార్ట్‌మెంటుకు స్థలం చూసి, అనుమతులు తెచ్చి, కట్టడం పూర్తయ్యేసరికి అయిదారేళ్లు పడుతుంది. ఆ మధ్యలో ఒక్క ఏడాది నిధులు ఆగినా మొత్తం ప్రాజెక్టు ఆగుతుంది. ఈ ఒడుదొడుకుల నుంచి ఇళ్లను కాపాడే శక్తి బాండ్లకు ఉంది, అయితే వాటిని ఏటా ఒక క్రమంలో అమ్మితేనే. ఇప్పటిదాకా జరిగింది వేరు. 2002లో 210 కోట్లు, 2006లో 285 కోట్లు, తర్వాత 2014లో సైనికుల మళ్లింపు తప్ప 2018 దాకా రాష్ట్రవ్యాప్త గృహ బాండ్లు లేవు. సరిగ్గా ఆ విరామంలోనే, 2012లో, రాష్ట్రం పునరభివృద్ధి సంస్థలను రద్దు చేసింది. అందుబాటు గృహాల కోసం ఆ సంస్థలు ఏటా సుమారు 100 కోట్ల డాలర్లు పక్కన పెట్టేవి. ఆ నష్టాన్ని కొంతైనా పూడ్చడానికి 2017లో ఆస్తి పత్రాల రిజిస్ట్రేషన్‌పై 75 డాలర్ల రుసుము పెట్టారు. అది శాశ్వతమైన ఆదాయమే, కానీ పోయినదాని ముందు చాలా చిన్నది.

రెండో అభ్యంతరం మరింత పదునైనది: ఒక్కో ఇంటికి అంత ఖర్చేమిటి? ఇక్కడ లాస్ ఏంజెలెస్ అనుభవాన్ని దాటవేసి బాండ్లను సమర్థించడం నిజాయతీ కాదు. 2016లో ఆ నగర ఓటర్లు మూడింట రెండొంతులకు మించిన మెజారిటీతో 120 కోట్ల డాలర్ల బాండ్లకు అనుమతిచ్చారు, పదేళ్లలో 10,000 ఇళ్లు లక్ష్యం. 2022 ఫిబ్రవరిలో నగర కంట్రోలర్ రాన్ గాల్పెరిన్ ఇచ్చిన ఆడిట్ నివేదికలో, కడుతున్న ఇళ్ల సగటు వ్యయం ఒక్కోదానికి 6 లక్షల డాలర్లకు చేరువైంది. నూటికి 14 ఇళ్లు 7 లక్షలు దాటాయి. ఒక ప్రాజెక్టులోనైతే ఇంటికి 8.37 లక్షలు. ఈ అంకెలు చూసిన పన్ను చెల్లింపుదారుకు కోపం రావడం సహజం, ఆ కోపాన్ని కొట్టిపారేయకూడదు. అయితే ఈ వ్యయం బాండ్ల వల్ల పెరిగిందా, బాండ్లు చాలకపోవడం వల్ల పెరిగిందా అన్నది చూడాలి. నగర బాండ్ల డబ్బు ఆ వ్యయంలో ఒక భాగమే. మిగతాది ఫెడరల్ పన్ను రాయితీలు, రాష్ట్ర రుణాలు, కౌంటీ నిధులు, బ్యాంకు అప్పులు కలిపి పోగు చేయాలి. ఒక్కో నిధికి ఒక్కో దరఖాస్తు, ఒక్కో గడువు, ఒక్కో నిబంధనల పుస్తకం. ఒకచోట ఎంపికై మరోచోట కాకపోతే ఏడాది ఆగాలి. ఆగిన ఏడాదికి భూమి మీద వడ్డీ, న్యాయవాదుల ఫీజులు, పెరిగిన సిమెంటు, కూలీ ధరలు. పైన కార్ పార్కింగ్ నిబంధనలు, పక్కింటివాళ్లు పర్యావరణ చట్టం కింద వేసే దావాలు. అతుకుల బొంతలా కుట్టిన ఈ నిధులకు ప్రతి అతుకు దగ్గరా కొంత డబ్బు కారిపోతుంది.

ఈ అతుకుల్లో ప్రభుత్వ నిర్లక్ష్యం కూడా ఉంది. పన్ను మినహాయింపు బాండ్లను పంచే రాష్ట్ర సంఘం తనకు దక్కిన కోటాలో 270 కోట్ల డాలర్ల విలువైనదాన్ని గడువులోపు వాడక పోగొట్టుకుందని రాష్ట్ర ఆడిటర్ 2020 నవంబరులో బయటపెట్టారు. సంఖ్య పరంగా అది 2018లో ఓటర్లు ఇళ్లకు ఇచ్చిన మొత్తానికి దాదాపు సమానం. ఓటరు దగ్గరికి వెళ్లి ఒక చేత్తో అప్పు అడుగుతూ, రెండో చేతిలో ఉన్నదాన్ని జారవిడిచిన ప్రభుత్వాన్ని ఏ వాదనా కాపాడలేదు. దీనికి మందు మాత్రం బాండ్లు ఆపడం కాదు. రాష్ట్ర నిధులన్నిటికీ ఒకే దరఖాస్తు, ఏటా ఒకే గడువు, ఎంపికైన ప్రాజెక్టుకు లోటు మొత్తం ఒకేచోట పూడ్చడం అవసరం. ఇళ్లు, నిరాశ్రయత విషయాలకు ప్రత్యేక ఏజెన్సీ పెట్టాలని 2025లో రాష్ట్రం తీసుకున్న నిర్ణయం ఆ దిశలో ఉంది. అయితే బోర్డు మారినంత మాత్రాన దరఖాస్తుల సంఖ్య తగ్గదు. కొత్త ఏజెన్సీని కొలవాల్సింది ఆ సంఖ్యతోనే.

డబ్బు కన్నా అనుమతులే అసలు అడ్డంకి అనేవాళ్లూ ఉన్నారు. భూ వినియోగ నిబంధనలు సడలిస్తే మార్కెట్టే ఇళ్లు కడుతుందని వాళ్ల మాట. సగం నిజం. ఏటా 1,80,000 ఇళ్లు కావలసిన రాష్ట్రంలో 2018 ముందరి దశాబ్దంలో సగటున 80,000 కూడా కట్టలేదని గృహ శాఖే లెక్క తేల్చింది. ఆ కొరత వల్లే 2018 మేలో మధ్యగత ఇంటి ధర 6 లక్షల డాలర్లు దాటింది. నిబంధనలు సడలాలి, కొన్ని సడలాయి కూడా. కానీ ఎన్ని ఇళ్లు కట్టినా, హోటల్లో గిన్నెలు కడిగే మనిషి ఇవ్వగలిగే అద్దె కొత్త అపార్ట్‌మెంటు నిర్వహణ ఖర్చుకే చాలదు. ఆ తేడాను ఎవరో ఒకరు భరించాలి. ఇంకో దారి అద్దెల నియంత్రణ. అదే 2018 బ్యాలెట్‌లో స్థానిక ప్రభుత్వాలకు ఆ అధికారం పెంచే ప్రతిపాదనను దాదాపు 60 శాతం మంది తిరస్కరించారు. యజమాని మీద భారం వేయడానికి ఒప్పుకోని ఓటరు, ఆ భారాన్ని అందరూ పంచుకోవడానికి ఒప్పుకున్నాడు. ఆ తీర్పును గౌరవించాలంటే పంచుకునే పద్ధతి మెరుగుపడాలి.

ఈ మొత్తం చర్చలో అతి ముఖ్యమైన సాక్ష్యం బాండ్ల లెక్కల్లో దొరకదు. అమెరికాలో 2010లో ఇల్లు లేని మాజీ సైనికులు దాదాపు 74,000 మంది. 2024 నాటికి 33,000 లోపు. సగానికి పైగా తగ్గారు. అదే 2024లో దేశం మొత్తం నిరాశ్రయుల సంఖ్య 7,70,000 దాటి, లెక్కింపు మొదలైనప్పటి నుంచీ ఎన్నడూ లేని స్థాయికి చేరింది. దేశం ఒకటే, ఇళ్ల మార్కెట్ ఒకటే, వడ్డీ రేట్లు అవే. తేడా ఎక్కడుంది? 2008 నుంచి మాజీ సైనికుల కోసం ఫెడరల్ గృహ శాఖ, మాజీ సైనికుల శాఖ కలిసి ఏటా కొత్త అద్దె వోచర్లు ఇస్తూ వచ్చాయి. ప్రతి వోచరుతోపాటు చికిత్స, సలహా, ఉద్యోగ సాయం చూసే ఒక కార్యకర్త ఉంటారు. మనిషి సొంతంగా అద్దె కట్టగలిగేదాకా ఆ సాయం నిలుస్తుంది. ఈ పద్ధతికి ఉన్న రహస్యం దాని నిలకడే. సాధారణ పేదకు ఇలాంటి వోచరు కావాలంటే ఏళ్లకొద్దీ వరుసలో నిలబడాలి. ఫెడరల్ అద్దె సాయానికి అర్హులైన కుటుంబాల్లో నాలుగింట ఒకదానికే అది అందుతోంది. బాండ్ల డబ్బుతో భవనం లేస్తుంది. ఆ భవనంలో పేదవాడు పదేళ్లు నిలవాలంటే ఏటేటా వచ్చే డబ్బు కావాలి, దానికి బాండు పనికిరాదు. బాండ్ల ప్రచారంలో ఈ రెండో సగం గురించి ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే దానికి రిబ్బన్ కత్తిరించే రోజు ఉండదు.

రెండో సగం లేకుండా మొదటి సగాన్ని పదేపదే అడిగితే ఏమవుతుందో 2024 చూపించింది. ఆ మార్చిలో మానసిక చికిత్స, ఇళ్ల కోసం 638 కోట్ల డాలర్ల బాండ్లు మళ్లీ మొదటి నంబరు ప్రతిపాదనగానే వచ్చాయి. అందులోనూ 100 కోట్లకు పైగా మాజీ సైనికుల పేరున ఉంది. ఈసారి 50.2 శాతంతో అంచు మీద గట్టెక్కింది. మరుసటి నెలలో రాష్ట్ర ఆడిటర్, నిరాశ్రయతపై అయిదేళ్లలో వెచ్చించిన దాదాపు 2,400 కోట్ల డాలర్లకు ఫలితాలేమిటో రాష్ట్రం క్రమంగా గమనించలేదని తేల్చారు. ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కో బే ప్రాంతం కోసం సిద్ధం చేసిన 2,000 కోట్ల గృహ బాండ్ల ప్రతిపాదనను బ్యాలెట్‌కు ముందే వెనక్కి తీసుకున్నారు. నవంబరులో, స్థానిక గృహ బాండ్లకు కావలసిన మూడింట రెండొంతుల మెజారిటీని 55 శాతానికి తగ్గించే సవరణను ఓటర్లు తిప్పికొట్టారు. ఆరేళ్లలో 56 నుంచి 50కి దిగిన ఈ మెట్లను చూసి ఓటర్లు పేదల మీద దయ మానేశారనడం తేలిక. తాము ఇచ్చిన అప్పుకు లెక్క అడుగుతున్నారని చదవడం న్యాయం.

ఈ లెక్క తెలుగువాళ్లకు దూరపు సంగతి కాదు. 2016లో శాంటా క్లారా కౌంటీ 95 కోట్లు, అలమేడా కౌంటీ 58 కోట్ల డాలర్ల గృహ బాండ్లకు ఓటర్ల అనుమతి తెచ్చుకున్నాయి. శాన్ హోసే, సన్నీవేల్, ఫ్రీమాంట్‌లలో ఇళ్లున్న తెలుగు కుటుంబాలు ఆస్తిపన్ను బిల్లులో ఆ బాండ్ల వాయిదాలు కడుతున్నాయి. హెచ్-1బీ వీసా మీద ఉన్నవాళ్లకు ఓటు లేదు, బిల్లు మాత్రం వస్తుంది. ఇక్కడ మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆ మాత్రం ప్రశ్న కూడా ఎదురుకాదు. ప్రభుత్వ గృహ సంస్థలు రాష్ట్ర హామీతో హడ్కో నుంచి, బ్యాంకుల నుంచి తెచ్చే అప్పు ఏ ఓటరు ముందుకూ రాదు. ఖజానా నుంచి తీర్చే ఇలాంటి అప్పులను రాష్ట్రాల రుణ పరిమితిలో లెక్కిస్తామని కేంద్రం 2022లో చెప్పాకే వాటి మీద చర్చ పెరిగింది. గోడలు లేచాక నీళ్లు, మురుగు కాలువ, లిఫ్టు లేక తాళాలు వేలాడిన ఇళ్లను ఇక్కడి పట్టణాలూ చూశాయి. కట్టడానికి అప్పు దొరికి, నడపడానికి డబ్బు దొరకని జబ్బు అక్కడా ఇక్కడా ఒకటే.

కాలిఫోర్నియా శాసనసభ ఈసారి గృహ బాండ్ల ప్రశ్న రాసేటప్పుడు మాజీ సైనికుల రుణాలను వేరే ప్రతిపాదనగా పెట్టాలి. వాటికి నూరేళ్ల చరిత్ర ఉంది, సొంత బలం మీద గెలుస్తాయి. ఇళ్ల ప్రతిపాదన తన కాళ్ల మీద తాను నిలబడి, ఇది ఖజానా తీర్చే అప్పు అని, ఏటా ఇంత అని, పదేళ్లపాటు ఏటా సమానంగా అమ్ముతామని బ్యాలెట్ మీదే చెప్పాలి. దానితోపాటు, కట్టిన ప్రతి ఇంటికీ అద్దె సాయం, సేవల ఖర్చు ఏ ఆదాయం నుంచి వస్తుందో అదే చట్టంలో రాయాలి. 2018లో ఇళ్లకు అడిగిన అప్పు వాయిదా ఏటా 17 కోట్లు. అంతే మొత్తాన్ని ఏటా అద్దె వోచర్లకు కేటాయించే నిబంధన చేరిస్తే బడ్జెట్ మీద పడే అదనపు బరువు ఒక శాతంలో మరో పదో వంతు. ఈ అంకెలను దాచకుండా ముందు పెడితే గెలుపు 56 శాతం ఉంటుందో 46 దగ్గర ఆగుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. ఓడిపోతే శాసనసభ సాధారణ బడ్జెట్‌లోనే ఆ డబ్బు వెతకాలి, అందుకు కోతలో పన్నులో సభ్యులు తమ పేర్ల మీద ఓటు వేయాల్సి వస్తుంది. మాజీ సైనికుడి పేరు వెనక నిలబడి అడిగినన్నాళ్లూ వాళ్లు తప్పించుకుంటున్నది ఆ ఓటునే.